ఆ కుర్చీ దగ్గర విల్లు ఎత్తు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

దర్శకుడు హిచ్‌కాక్ తీయగా 1928లో విడుదలైన మూకీ చిత్రం ‘ద ఫార్మర్స్ వైఫ్’కు, ఆ కథ జరిగిన ఇంగ్లండులోని డెవన్ సీమలోనే, ఒక పల్లెటూరి హాలులో నీవు వయొలిన్ వాయించబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పినప్పటి నుంచి నాకు గర్వమూ గుబులూ రెండూ నిద్ర పట్టనివ్వడం లేదు.

తీగలు ఒక జత అదనంగా ఉంచుకో. చిత్రాన్ని నాలుగుసార్లయినా చూడు. గంటన్నరకు పైగా వాయించాలి కనుక ముందు కాస్త తిను. ఆకలి వేస్తే నీకు శ్రుతి తప్పడం చిన్ననాటి నుంచీ ఉన్నదే.

ముప్పయ్యేళ్ల క్రితం హైదరాబాదులో ఒక ఫిల్మ్ సొసైటీ వారు ఈ చిత్రాన్నే వేసినప్పుడు నేను వాయించాను. హాస్యచిత్రమన్న మాట ఒక్కటే పట్టుకొని మొదటి నుంచీ వయొలిన్ విల్లును గెంతించాను. భార్య పోయిన రైతు స్వీట్‌లాండ్ పెళ్లి మాట ఎత్తగానే థిర్జా టాపర్ అనే ఆవిడతో పాటు ఆమె చేతిలోని జెల్లీ కూడా వణికే చోట జనం పగలబడి నవ్వారు, నేను ఉబ్బిపోయాను. ఆ ఊపులోనే, పొయ్యి పక్కన భార్య కూర్చునే ఖాళీ కుర్చీలో అతను పెళ్లాడదలచిన ఒక్కొక్క స్త్రీ రూపం మెదిలి మాయమయ్యే చోట కూడా గెంతించాను. జనం అక్కడా నవ్వారు. ముందు వరుసలో మీ తాతగారు ఉన్నారు. మా అమ్మ పోయి అప్పటికి పది నెలలు. ఇంటికి వస్తూ దారిలో, “ఆ కుర్చీని నువ్వు చూడలేదురా” అన్నారు. మళ్లీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు.

నిశ్శబ్దమంటే నీకు భయం, ఖాళీ కనిపిస్తే చాలు స్వరాలతో నింపేస్తావు. ఎన్నిసార్లు కోప్పడ్డానో గుర్తుందా? అయినా నిన్ను అని ఏం లాభం, నేనూ అంతే. మీ అత్తయ్య కుర్చీ మీద ఇప్పుడు పాత పత్రికలు పేర్చి పెట్టుకున్నాను.

కుర్చీ తెర మీదికి రాగానే విల్లు ఎత్తేయి. చివరకు ఇల్లు చూసుకునే మింటా అందులో కూర్చున్నాక, మంద్రతీగ మీద మెల్లగా మళ్లీ మొదలుపెట్టు. మధ్యలో ఎవరైనా దగ్గినా కంగారుపడకు.

హాలు చల్లగా ఉంటుందేమో, ఉన్ని చేతి తొడుగులు తీసుకువెళ్లు.