పక్క కణం ఎందుకు నిలిచింది?

చిరంజీవి శిష్యురాలికి ఆశీస్సులు.

అల్జీమర్స్ తొలిదశలో కొన్ని నాడీకణాలే ముందుగా ఎందుకు దెబ్బతింటాయన్నది పరిశోధనాంశంగా తీసుకున్నానని రాశావు. చాలా సంతోషం. అయితే ఈ కణం ఎందుకు చనిపోయిందని మాత్రమే అడిగితే దారి దొరకదు. దాని పక్కనున్న కణం ఎందుకు నిలిచిందో కూడా అదే మెదడు కణజాలపు స్లైడులో వెతకాలి.

ముందుగా, జ్ఞాపకశక్తికి కీలకమైన మెదడు భాగం ఎంటోరైనల్ కార్టెక్స్‌లో రెండో పొరను తీరిగ్గా చూడు. ఆరోగ్యంగా ఉన్న మెదడులో అక్కడి పెద్ద కణాలు దీవుల్లా గుంపులు గుంపులుగా కనిపిస్తాయి. జ్ఞాపకాలను రూపొందించే హిప్పోక్యాంపస్‌కు సమాచారాన్ని చేరవేసే పొడవైన తంతువులు వాటివే. 1996లో వెలువడిన ఒక అధ్యయనంలో, వ్యాధి లక్షణాలు అతి స్వల్పంగా ఉన్నవారిలోనే ఈ పొరలో దాదాపు 60 శాతం కణాలు తగ్గిపోయినట్లు, తీవ్రదశలో ఆ నష్టం 90 శాతానికి చేరినట్లు తేలింది. అంతటి నష్టంలోనూ అన్ని కణాలదీ ఒకే గతి కాదు: ఎంటోరైనల్ కార్టెక్స్‌లోని ఉత్తేజక కణాల్లో (ఇతర కణాలను ప్రేరేపించేవి) ఆర్‌ఓఆర్‌బీ అనే ప్రొటీన్ గుర్తు ఉన్నవే ముందుగా తగ్గుతున్నాయని 2021లో శాన్ ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపారు. నీ ప్రశ్నకు అసలైన చోటు ఇదేనని నా నమ్మకం.

కారణం చెప్పడానికి తొందరపడవద్దు. కణాల వెలుపల చేరే అమిలాయిడ్ ప్రొటీన్ ఫలకాలు మొదట పేరుకునేది మెదడు పైపొరలో అధికభాగమైన నియోకార్టెక్స్‌లో; టౌ ప్రొటీన్ మార్పులు మొదట కనిపించేది ఎంటోరైనల్ ప్రాంతం చుట్టుపక్కలా, మెదడు కాండంలోని లోకస్ సెరులియస్ అనే చిన్న కణసముదాయంలోనూ. కాబట్టి అమిలాయిడ్ ఎక్కువున్నచోటే కణాలు ముందుగా పోతాయన్న ఊహ నిలవదు. తంతువు పొడవే కారణమని కూడా అనలేము, ఎందుకంటే వెన్నుపాము దాకా తంతువులు పంపే చలన కార్టెక్స్‌లోని బెట్జ్ కణాలు చాలాకాలం క్షేమంగానే ఉంటాయి. వాటి తంతువులకు మైలిన్ అనే మందమైన కొవ్వు తొడుగు ఉంటుందన్నది మాత్రం ఆలోచించదగ్గ తేడా. నీకు ఏ కారణం తోచినా, దాన్ని ఇలా నిలిచిన కణంతో పోల్చి పరీక్షించు.

ఇక లెక్కింపు. టౌ ప్రొటీన్ కణంలో పోగుపడి చిక్కుముడిగా మారుతుంది; అలాంటి చిక్కుముడి ఉన్న కణం చాలా ఏళ్లు బతకవచ్చు. కణం పూర్తిగా నశించాక కూడా చిక్కుముడి అక్కడే మిగిలి ఉండవచ్చు. అందుకే చిక్కుముడులను, మిగిలిన కణాలను వేర్వేరుగా లెక్కించు. మతిమరుపు లేని వృద్ధుల మెదళ్లలోనూ చిక్కుముడులు ఉంటాయి గనుక, పోలికకు అదే వయసువారి నమూనాలను తీసుకో. లెక్క మొదలుపెట్టే ముందు, ఏ స్లైడు ఎవరిదో నీకు తెలియకుండా మరొకరిచేత సంకేత సంఖ్యలు వేయించు.