నాలాంటి వారిని ఎక్కడ, ఎలా కలుసుకోవాలి?

ప్రశ్న: నా వయసు 31. ఒడిశాలోని రాయగడలో తెలుగు కుటుంబంలో పుట్టి, ఇక్కడే ప్రైవేటు సంస్థలో ఉద్యోగం చేస్తున్నాను. పెళ్లి కాలేదు. ఒకరు ఆధిపత్యం వహించగా మరొకరు ఇష్టపూర్వకంగా లొంగి ఉండే బీడీఎస్‌ఎం సంబంధాల పట్ల నాకు చాలాకాలంగా ఆసక్తి ఉంది. ఇది జబ్బేమోనని భయపడుతున్నాను. ఆన్‌లైన్‌లో పరిచయమైన ఒకాయన, నిజంగా లొంగే స్వభావం ఉన్నవారు ప్రశ్నలు వేయరంటూ, ముఖం కనిపించే ఫొటోలు పంపమని, బరంపురంలో లాడ్జికి రమ్మని ఒత్తిడి చేస్తున్నాడు. గౌరవంగా మెలిగే మనుషులు నాకు ఎక్కడ దొరుకుతారు?
– ఒక పాఠకురాలు, రాయగడ

జవాబు: ముందుగా ఆయన సంగతి. దయచేసి వెళ్లకండి, ఫొటోలు పంపకండి. ఈ సంబంధాల్లో ఏది ఇష్టం, ఏది ఎంతమాత్రం కూడదు, ఆరోగ్య సమస్యలేమున్నాయి, ఆపాలంటే ఏ మాట అనాలి అన్నవన్నీ ఇద్దరూ ముందే వివరంగా మాట్లాడుకుంటారు; లొంగి ఉండే వ్యక్తి సైతం తన హద్దులు తానే నిర్ణయించుకుంటారు, అనుకున్న సేఫ్ వర్డ్ పలికిన క్షణాన అంతా ఆగిపోవాలి. ప్రశ్నలు వద్దన్న మనిషికి ఈ సంగతులు తెలియవు, లేదా తెలిసే మిమ్మల్ని మోసగిస్తున్నాడు.

మీ ఆసక్తి జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి 2022 జనవరి నుంచి అమల్లోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణలో, పాత జాబితాలో ఉన్న శాడోమాసోకిజం (నొప్పి కలిగించడంలో, పొందడంలో లైంగిక ఆనందం) అనే రోగ నిర్ధారణను తొలగించారు. సమ్మతి లేనివారిని హింసించాలనే కోరిక మాత్రం ఇప్పటికీ రుగ్మతగానే ఉంది. అయినా బెంగ తీరకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్, 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇక మనుషుల మాట. బీడీఎస్‌ఎం గురించి మన దేశంలో అవగాహన కల్పిస్తూ, సమ్మతికి పెద్దపీట వేసే ‘ది కింకీ కలెక్టివ్’ అనే బృందం ఉంది; వారి రచనలు చదవడంతో మొదలుపెట్టండి. పెద్ద నగరాల్లో మంచ్ అనే సమావేశాలు జరుగుతాయి. హోటల్లోనో కేఫ్‌లోనో అందరూ మామూలు దుస్తుల్లో కూర్చుని కాఫీ తాగుతూ మాట్లాడుకుంటారు, అంతకుమించి అక్కడ ఏమీ జరగదు. కొత్తవారికి ఇంతకంటే మంచి ఆరంభం లేదని నేను గట్టిగా నమ్ముతాను. 18 ఏళ్లు నిండనివారిని రానివ్వకపోవడం, అసలు పేరు చెప్పమని పట్టుబట్టకపోవడం, ఫొటోలు తీయనివ్వకపోవడం, ఎవరైనా హద్దు మీరితే ఎవరికి చెప్పాలో ముందే తెలియజేయడం మంచి బృందం లక్షణాలు. వీటన్నిటికంటే నేను ఎక్కువ విలువనిచ్చే పరీక్ష మరొకటి ఉంది: ఏదైనా చిన్న విషయానికి, ఫోన్ నంబరు ఇవ్వమన్నప్పుడో ఇంకాసేపు ఉండమన్నప్పుడో, వద్దని చెప్పి చూడండి. కారణం అడగకుండా ఒప్పుకున్నవారితో రెండో మాట మాట్లాడవచ్చు; అలిగినవారితో, బతిమాలినవారితో, మీరింకా ఎదగలేదని పాఠం చెప్పినవారితో వద్దు.

రాయగడ వంటి ఊళ్లో ఒకరి సంగతి మరొకరికి ఇట్టే తెలుస్తుంది కనుక, పరిచయం ఆన్‌లైన్‌లో పెంచుకునేటప్పుడు మీ ఊరు, పనిచేసే చోటు బయటపెట్టకండి. విశాఖ మీదుగా ఏ నగరానికైనా వెళ్తే బస మీరే చూసుకుని, నమ్మకమైన స్నేహితురాలికి చిరునామా చెప్పి వెళ్లండి. నెలల తర్వాత ఎవరితోనైనా ముందడుగు వేసినా, గొంతు నొక్కే చర్యలకు ఒప్పుకోకండి, వాటికి సురక్షితమైన పద్ధతి లేదు. తాళ్లు వాడితే చేతులు మొద్దుబారగానే ఆ తాళ్లను కోయడానికి కత్తెర పక్కనే ఉండాలి.

చట్టం కూడా తెలుసుకోండి. భయపెట్టి పొందిన సమ్మతి సమ్మతే కాదని భారతీయ న్యాయ సంహిత 28వ సెక్షన్ చెబుతోంది. ఆయన దగ్గర మీ ఫొటోలు ఇప్పటికే ఉండి, బయటపెడతానని బెదిరిస్తే డబ్బు ఇవ్వకండి, సందేశాలు చెరిపివేయకండి; వాటితోనే జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో గానీ, దగ్గర్లోని ఏ పోలీస్ స్టేషన్‌లో గానీ ఫిర్యాదు చేయండి.