మధ్యాహ్నం దాటాక ముద్ద ముట్టకూడదా?

కిందటి సంచికలో వైశాఖ పున్నమి నాడు అష్టాంగ శీలం పాటించడం గురించి రాశాను. బౌద్ధ గృహస్థులు పున్నమి, అమావాస్య, అష్టమి రోజుల్లో ఎనిమిది నియమాలు తీసుకుంటారు. వాటిలో ఆరోది వికాల భోజనం మానడం. అంటే మధ్యాహ్నం దాటిన దగ్గర్నుంచి మర్నాడు తెల్లారేదాకా భోజనం చేయకపోవడం. భిక్షువులకైతే ఇది రోజూ ఉండే నియమం. ఆ ఒక్క పేరా మీదే ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. నేను డాక్టర్ని కాను. తెలుగు పాఠాలు చెప్పి రిటైరై, ఆ తరవాత విశాఖలో బౌద్ధ గ్రంథాల భాష పాళి నేర్చుకున్నదాన్ని. పన్నెండేళ్లుగా పున్నమి నాడు ఈ నియమం పాటిస్తున్నదాన్ని. నాకు తెలిసినంతలో చెప్తాను.

ప్రశ్న: మేడమ్ గారూ, నాకు 27 ఏళ్లు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. బుద్ధుడు రోజుకు ఒక్కసారే తినేవాడని తెలిసి, రెండు నెలలుగా నేనూ మధ్యాహ్నం ఒక్కపూటే తింటున్నాను. ‘ఒంటిపూట తింటే యోగి’ అని మా తాతయ్య కూడా అనేవారు. కానీ ఆ ఒక్కపూటా ప్లేటు కొండలా పెట్టుకుంటున్నాను. శని, ఆదివారాల్లో రాత్రి ఆగలేక బిర్యానీ ఆర్డర్ పెడుతున్నాను. తిన్నాక నా మీద నాకే కోపం వస్తోంది. మనసు గట్టిపడాలంటే ఏం చేయాలి? — ఒక పాఠకుడు, హైదరాబాద్

బాబూ, మనసు సంగతి తరవాత. ముందు ఆ ప్లేటు సంగతి చూద్దాం.

ఒక్కసారే కూర్చుని తినడం వల్ల రోగాలు తగ్గుతాయని, ఒళ్లు తేలికగా, బలంగా ఉంటుందని బుద్ధుడు అన్నమాట నిజమే. అది విని భద్దాలి అనే భిక్షువు, అలా తింటే నాకు మనసులో దిగులుగా ఉంటుంది, నా వల్ల కాదన్నాడు. అయితే పిలిచినచోట కొంత తిని, మిగతాది తెచ్చుకుని తిను అన్నాడు బుద్ధుడు. ఊళ్లూ సంసారాలూ వదిలి వచ్చినవాళ్లకే ఆయన ఆ సడలింపు ఇచ్చాడు. నువ్వు ఎనిమిది గంటలు స్క్రీన్ ముందు కూర్చుని, ట్రాఫిక్‌లో ఇల్లు చేరేవాడివి.

వేళ కన్నా ముందు నేర్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. పాళిలో దాన్ని ‘భోజనే మత్తఞ్ఞుతా’ అంటారు. తిండిలో తన కొలత తాను ఎరిగి ఉండడం. కోసల రాజు పసేనది దోణమంత అన్నం, అంటే పెద్ద కుంచాల లెక్కన తిని, రొప్పుకుంటూ బుద్ధుడి దగ్గరికి వచ్చాడు. బుద్ధుడు ఆయన్ని తిట్టలేదు. ఉపవాసం ఉండమనీ అనలేదు. ఎరుకతో ఉండి, దొరికిన తిండిలో మితం తెలిసినవాడికి బాధలు పలచబడతాయి, తిన్నది మెల్లగా అరిగి ఆయుష్షును కాపాడుతుంది అని ఒక గాథ చెప్పాడంతే. రాజు తన వెనక నిలబడ్డ సుదర్శనుడనే కుర్రవాణ్ని ఆ గాథ నేర్చుకుని, తాను తినేటప్పుడల్లా వినిపించమన్నాడు. అందుకు రోజుకు వంద కహాపణాలు, అంటే ఆనాటి నాణేలు ఇచ్చాడు. అలా తగ్గుతూ తగ్గుతూ ఒక నాళిక, అంటే చిన్న కొలతెడు అన్నానికి వచ్చాడు రాజు. ఒక్కరోజులో రాలేదు, చూడు. నాకీ కథలో బాగా నచ్చేది అదే.

నీకు సుదర్శనుడు లేడు కాబట్టి బుద్ధుడి ముఖ్య శిష్యుడు సారిపుత్రుడి మాట పట్టుకో. ఇంకో నాలుగైదు ముద్దలు పడతాయనగా ఆపి నీళ్లు తాగమన్నాడాయన. ఒక్కపూట వ్రతం పక్కనపెట్టి మూడు వారాలు ఇదొక్కటే చేయి. పొద్దున తిను, మధ్యాహ్నం తిను, రాత్రి ఏడున్నరలోపు కొంచెం తిను. ఆకలికి అన్నం పెట్టడం ఓడిపోవడం కాదు. అళవి అనే ఊళ్లో తప్పిపోయిన ఎద్దును వెతుక్కుని అలసిపోయి వచ్చిన ఒక పేద రైతు కోసం బుద్ధుడు ధర్మోపదేశం ఆపి కూర్చున్నాడట. అతనికి ముందు అన్నం పెట్టించి, తిన్నాకే మాట మొదలుపెట్టాడు. అన్ని రోగాల్లోకీ ఆకలే పెద్ద రోగమని ధమ్మపదంలో ఉన్న మాట ఆ సందర్భంలోదే. నీ కడుపును ఆ రైతు అనుకో.

ప్రశ్న: అమ్మా, పున్నమి నాడు గడియారంలో 12 కొట్టేలోపే తినేయాలా? సాయంత్రం టీ తాగొచ్చా? — ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

లెక్క గడియారంది కాదమ్మా, సూర్యుడిది. పొద్దు నడినెత్తికి వచ్చేలోపు ముగించాలి. మీ ఊళ్లో నవంబరు మొదట్లో అది 11.40 కల్లా వచ్చేస్తుంది, ఫిబ్రవరిలో 12 దాటాక ఎనిమిది, పది నిమిషాలకు వస్తుంది. అదే ఫిబ్రవరిలో హైదరాబాద్ వాళ్లకు దాదాపు పన్నెండున్నర. క్యాలెండర్‌లో సూర్యోదయం, సూర్యాస్తమయం చూసుకుని సరిగ్గా మధ్యకు లెక్క కట్టుకోండి. పదకొండుకే కూర్చుంటే ఈ టెన్షనే ఉండదు. సాయంత్రం నీళ్లు, వడకట్టిన పండ్లరసం తీసుకోవచ్చు. పాలను చాలామంది ఆహారం కిందే లెక్కేస్తారు, నేనూ అంతే. కాబట్టి పాలు లేని టీ.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. వయసు 58. పదేళ్లుగా షుగర్. పొద్దున, రాత్రి మాత్రలు వేసుకుంటాను. రాత్రి భోజనం మానేస్తే షుగర్ దానంతటదే దిగుతుందని ఒక మిత్రుడు చెప్పాడు. పున్నమి నుంచి మొదలుపెడదామనుకుంటున్నాను. — ఒక పాఠకుడు, కరీంనగర్

అన్నయ్యగారూ, డాక్టర్ని కలవకుండా ఒక్క పూట కూడా మానకండి. షుగర్ మాత్రల్లో గ్లిమిపిరైడ్ లాంటివి, అలాగే ఇన్సులిన్, మీరు తిన్నా తినకపోయినా చక్కెరను దించుతూనే ఉంటాయి. తినకుండా వేసుకుంటే చెమటలు, వణుకు, కళ్లు తిరగడం, ఒక్కోసారి స్పృహే తప్పడం. నిద్రలో జరిగితే పక్కవాళ్లకు తెలియను కూడా తెలియదు. మా ఆయనకు ఒక పున్నమి రాత్రి అలాగే జరిగింది. నాతోపాటు తానూ ఉంటానని భోజనం మానేసి, మాత్ర మాత్రం అలవాటుగా వేసుకున్నారు. రాత్రి ఒంటిగంటకు బనీను తడిసిపోయి, మాట తడబడుతుంటే పంచదార నీళ్లు తాగించాను. ఆ రాత్రి నేను పడ్డ భయం మీ ఇంట్లోవాళ్లు పడకూడదు.

పాత గ్రంథాల్లోనూ జబ్బు మనిషికి వేరే దారి ఉంది. శరత్కాలపు జబ్బుతో భిక్షువులు చిక్కిపోయి పాలిపోతే బుద్ధుడు నెయ్యి, వెన్న, నూనె, తేనె, బెల్లపు పాకం అనే అయిదింటిని మందులుగా తీసుకోమన్నాడు. మొదట మధ్యాహ్నంలోపు అన్నాడు. అప్పటికీ తేరుకోకపోతే ఏ వేళైనా తీసుకోమన్నాడు. మీకు తేనె, బెల్లం తినమని చెప్పడం లేదు సుమా! ఒంటికి తగ్గట్టు నియమం కదిలిందని చెప్తున్నాను. రాత్రి భోజనం మానకుండా ముందుకు జరపాలనుకుంటే, మాత్రల వేళ ఎలా మార్చాలో డాక్టర్‌నే అడగండి. తగ్గించేదీ మార్చేదీ ఆయనే.

ప్రశ్న: అమ్మా, మనవలిద్దరూ ఫోన్ చూడకుండా ముద్ద మింగరు. ఏం తిన్నారో వాళ్లకే తెలియదు. మీరు రాసే ఎరుక పిల్లలకు నేర్పే దారి ఉందా? — ఒక తాతగారు, నల్గొండ

ఉందండి, ఆటలా నేర్పొచ్చు. భిక్షువులకు సేఖియాలని 75 చిన్న నియమాలున్నాయి. వాటిలో 30 తిండి గురించే. చూపు గిన్నె మీదే ఉండాలి. పక్కవాడి గిన్నెలోకి తప్పు పట్టే చూపు చూడకూడదు. ముద్ద దగ్గరికి రాకముందే నోరు తెరవకూడదు. బుగ్గలు ఉబ్బించి తినకూడదు. ఇంకా కూర కావాలన్న ఆశతో, ఉన్న కూరను అన్నం కింద దాచకూడదు. (రెండువేల ఏళ్ల కిందట కూడా దాచారన్నమాట. నాకు వాళ్ల మీద ఎంత దగ్గరితనం కలిగిందో!) ‘చపుచపు’మని, ‘సురుసురు’మని చప్పుడు చేస్తూ తినకూడదని పాళిలో అచ్చం ఆ శబ్దాలతోనే ఉంది. పిల్లలకు ఆ రెండు మాటలు చెప్పండి, నవ్వుతారు. మర్నాడు చారన్నం దగ్గర వాళ్లే మిమ్మల్ని పట్టుకుంటారు.

మొదటి అయిదు ముద్దలే ఫోన్ లేకుండా. ఆ అయిదింట్లో ఏమేం ఉన్నాయో చెప్పించండి. ఆవాలు, కరివేపాకు, పప్పులో మామిడికాయ. అంతకుమించి మొదట్లో అడగకండి. మీ ఫోన్ కూడా అప్పుడు వేరే గదిలో ఉండాలి, అది మరచిపోవద్దు.

ప్రశ్న: అక్కా, అత్తగారు రాత్రి ఏడింటికి తింటారు. బాబు ట్యూషన్ నుంచి ఎనిమిదిన్నరకు వస్తాడు. మా ఆయన కొట్టు మూసి వచ్చేసరికి పది. ముగ్గురికీ మూడుసార్లు వేడిచేసి వడ్డించి, నేను పదీముప్పావుకు గట్టు దగ్గరే నిలబడి గిన్నెలో మిగిలింది కలుపుకుంటాను. మూడేళ్లలో తొమ్మిది కిలోలు పెరిగాను. గ్యాస్, నిద్ర పట్టదు. మీరు చెప్పే వేళ నాలాంటివాళ్లకు కుదురుతుందా? — పేరు వద్దన్న పాఠకురాలు, తెనాలి

చెల్లీ, ఈసారి ఈ శీర్షిక మొత్తం నీ ఉత్తరం కోసమే రాసేదాన్ని.

మా అమ్మ కూడా అలాగే తినేది. పొయ్యి పక్కన, పళ్లెం కూడా లేకుండా, అన్నం గిన్నెలోనే చారు పోసుకుని. ఆమెకు ఏ కూర ఇష్టమో ఆమె పోయాక మా అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ కూర్చుని మాట్లాడుకుంటే ఒక్కరికీ తెలియలేదు. ఆమె తింటుండగా మేమెప్పుడూ చూడలేదు కదా.

వికాల భోజనం ఎందుకు మాన్పించారో ఉదాయి అనే భిక్షువు ఒకచోట చెప్తాడు. మొదట్లో భిక్షువులు రాత్రిళ్లూ భిక్షకు వెళ్లేవారు. ఆ రోజుల్లో కూడా మంచి వంట రాత్రికే. పగలు ఏదైనా దొరికితే, అట్టే పెట్టు, రాత్రికి అందరం కలిసి తిందాం అనేవారట ఇళ్లలో. చీకట్లో భిక్షువులు మురుగు గుంటల్లో పడేవారు, ముళ్లకంపలో చిక్కుకునేవారు, పడుకున్న ఆవు మీద కాలేసేవారు. ఒక రాత్రి ఉదాయి అలా ఒక గుమ్మం ముందు నిలబడ్డాడు. ఒకావిడ గిన్నె కడుగుతోంది. మెరుపు మెరిసింది. ఆ వెలుగులో ఇతన్ని చూసి, అమ్మో పిశాచం అని కేక పెట్టింది. పిశాచాన్ని కాదమ్మా, భిక్షువును అన్నాడు. ఆవిడ ఊరుకోలేదు. నీ అమ్మాబాబూ చచ్చారా, కడుపు కోసం ఈ చీకట్లో తిరిగే కన్నా కసాయి కత్తితో ఆ కడుపు కోసుకోవడం నయం కదా అని కడిగేసింది. రాత్రి తిండి మానడం మొదట తనకు బాధగానే ఉన్నా, ఇవన్నీ తలచుకుంటే బుద్ధుడు ఎన్ని కష్టాలు తప్పించాడో తెలుస్తోందంటాడు ఉదాయి.

చదివినవాళ్లంతా ఉదాయి వైపు నుంచి చదువుతారు. నేను ఎన్నిసార్లు చదివినా ఆవిడ దగ్గరే ఆగిపోతాను. అంత రాత్రివేళ, వానాకాలం చీకట్లో ఆవిడ ఎందుకు మేలుకుని ఉంది? ఇంట్లో అందరూ తినేశారు, గిన్నెలు మిగిలాయి. ఆవిడ తిన్నదో లేదో సూత్రంలో లేదు, పేరూ లేదు. భిక్షువులు రాత్రి రావడం మానాక ఆ గుమ్మం దగ్గర ఆవిడకు ఒక పని తగ్గింది. వేళ నియమం తినేవాడి కోసమే కాదని, వండిపెట్టే మనిషి కోసం కూడానని నేను ఆవిడ వల్లే నమ్ముతున్నాను.

కాబట్టి నీకు కుదురుతుందా అని కాదు, ముందు నీకే కుదరాలి. మధ్యాహ్నం తరవాత మానమని నేను చెప్పను. ఏడింటికి అత్తగారితో కూర్చో. పళ్లెంలో, కింద పీట మీదో కుర్చీలోనో, కూర్చుని తిను. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకైనా అదే తిండి పొద్దున తింటే అరిగినట్టు రాత్రి పొద్దుపోయాక అరగదు, రక్తంలో చక్కెర ఎక్కువసేపు పైనే ఉంటుంది. పదీముప్పావుకు తిని పదకొండున్నరకు నడుం వాలిస్తే ఛాతీలో మంట రాక ఏమవుతుంది? ఏడింటికి తిన్నా తగ్గకపోతే ఒకసారి డాక్టర్‌కు చూపించుకో, థైరాయిడ్ పరీక్ష చేయించుకో.

మిగతా ఇద్దరికీ హాట్‌బాక్స్‌లో పెట్టు. ట్యూషన్‌కు వెళ్లే పిల్లాడు తన అన్నం తాను పెట్టుకోగలడు. మీ ఆయన వచ్చాక పక్కన కూర్చుని కబుర్లు చెప్పు, అంతేగాని రెండోసారి తినకు. గిన్నెలో మిగిలింది ఫ్రిజ్‌లోకి వెళ్లాలి, నీ కడుపులోకి కాదు. పారేయలేక తినడం ఆకలి కాదు. ఈ తేడా నాకు తెలిసింది విపశ్యన ధ్యాన శిబిరంలో. అక్కడ పది రోజులు, దాదాపు అంతా మౌనమే. మధ్యాహ్న భోజనం పదకొండు గంటలకు, సాయంత్రం అయిదింటికి టీ, గుప్పెడు మరమరాలు. మొదటి రెండు రాత్రులు ఎనిమిదికి కడుపులో కాలిపోయినట్టు అనిపించింది. మూడో రోజు కదలకుండా గమనిస్తే అది పావుగంటలో దానంతటదే పోయింది. ఇంట్లో అది నేను అందరికీ వడ్డించే వేళ. నా కడుపు అడిగింది అన్నం కాదు, ఆ పనిని.

తిరిగి వచ్చాక నేను ఏడింటికే తింటున్నానని చెప్తే మా ఆయన రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. మూడోరోజు సాయంత్రం ఆయనే రెండు పళ్లేలు కడిగి బల్ల మీద పెట్టారు.

సోమవారం నుంచి మొదలుపెట్టు. అత్తగారికి ముందే చెప్పు, ఒంటరిగా తినే ఆవిడకు తోడు దొరికితే సంతోషిస్తారనే నా నమ్మకం. ఆవిడ ఏమన్నారో, ఆ మొదటి రోజు నీకోసం ఏ కూర వండుకున్నావో నాకు రాయి.