గోనెగుడ్డ మీద బొమ్మ వేసే ముందు

చిరంజీవి అమ్మడికి పెద్దనాన్న ఆశీస్సులు.

బోస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో చూసి వచ్చిన ఫ్రెంచి చిత్రకారుడు గోగాన్ బొమ్మను, ఆయన వేసినట్టే గోనెగుడ్డ మీద, సగం కొలతలో నీ గదిలోనే వేయబోతున్నావని మీ నాన్న చెప్పాడు. విన్నప్పటినుంచి మురిసిపోతున్నాను, బెంగా పడుతున్నాను. అసలు బొమ్మ 139 సెంటీమీటర్ల ఎత్తు, 375 సెంటీమీటర్ల వెడల్పు గనుక, సగమన్నా నీ మంచమంత ఉంటుంది.

గళ్ళు గీసుకుని మొదలుపెట్టు. కుడి చివర నిద్రపోతున్న పసిబిడ్డనుంచి ఎడమకు రా, ఎందుకంటే "మనమెక్కడినుంచి వచ్చాం? మనమెవరం? ఎక్కడికి పోతున్నాం?" అన్న ఆ బొమ్మ నడక కుడినుంచి ఎడమకే.

ఇక అసలు సంగతి. నా ఇరవై రెండో ఏట, పుస్తకంలో అరచేయంత అచ్చు చూసి, బియ్యం గోనె విప్పి దాని మీద ఇదే బొమ్మ వేశాను. ముందుగా వజ్రం, అంటే తోలు జిగురు, కాచి పూయాలని గురువుగారు చెబుతూనే ఉన్నారు, నాకే ఓపిక లేక నేరుగా నూనెరంగులు పూశాను. ఎడమ చివర, తెల్లపిట్ట పక్కన, ముఖం చేతుల్లో పెట్టుకుని చావుకోసం కూర్చున్న ముసలమ్మకు మీ నాయనమ్మ ముఖం పెట్టాను. ఆవిడ చూసి, "నన్నెందుకురా ఈ అడవిలో కూర్చోబెట్టావు?" అని నవ్వింది. జిగురు పూత అడ్డు లేకపోతే రంగుల్లోని అవిసె నూనె నారలోకి దిగి, ఏళ్ళ తరబడి దాన్ని తినేస్తుంది. ఆవిడ పోయాక, గోడకున్న చట్రం దించబోతే గోనెగుడ్డ ముసలమ్మ భుజం దగ్గర చిట్లి, ముఖం నా చేతుల్లో పొడిపొడిగా రాలింది. మీ నాయనమ్మకు సరైన ఫొటో కూడా లేదని నీకు తెలుసు. అందుకే తిడుతున్నాననుకున్నా సరే, వజ్రం మరగనివ్వకుండా వెచ్చబెట్టి, పలుచగా రెండు పూతలు పూసి, ఆరాక సుద్దపూత వెయ్యి. అక్కడ కుందేలు తోలు జిగురు దొరుకుతుందట, అదైనా చాలు.

చెట్లన్నీ ట్యూబులోని ఆకుపచ్చతో నింపకు. ఈ బొమ్మలో నేలా చెట్లూ నీలంలో, నీలం కలిసిన పచ్చలో మునిగి ఉంటాయి కనుకనే మనుషుల ఒళ్ళు నారింజ ఛాయతో వెలుగుతాయి. తాహితీ దీవిలో పసిప్రాయపు ఆడపిల్లలతో కాపురాలు చేసిన ఆ గోగాన్ నడవడి నాకెన్నడూ నచ్చలేదు. అయినా 1897లో, పంతొమ్మిదేళ్ళ కూతురు అలీన్ పోయిందన్న ఉత్తరం అందుకున్న ఏడాదే ఈ బొమ్మకు పూనుకున్నాడని తలచుకుంటే నా కోపం నిలవదు.

చలి అని కిటికీలు మూసుకుని టర్పెంటైన్ వాడావంటే మాత్రం ఊరుకోను. తల బరువెక్కితే కుంచె వదిలేసి బయటికి వెళ్ళు, రంగు తడిసిన గుడ్డలు గదిలో కుప్ప వేయకు. ముసలమ్మ దగ్గరికి వచ్చాక ఒకసారి ఫోన్ చెయ్యి, మీ నాయనమ్మ కనుబొమలు ఎలా ఉండేవో చెబుతాను.

ఇట్లు,
మీ పెద్దనాన్న