యాంటీవైరస్ ఏమీ అనలేదు, అయినా అనుమానమే!

ప్రశ్న: పీడీఎఫ్‌ను వర్డ్‌లోకి మార్చే ఉచిత ప్రోగ్రామ్ ఒకటి ఇన్‌స్టాల్ చేశాను. మూసేసినా టాస్క్ మేనేజర్‌లో నడుస్తూనే ఉంది. యాంటీవైరస్‌కు ఏమీ దొరకలేదు. ఇది మాల్‌వేరా కాదా, తేల్చుకునేదెలా?

జవాబు: మూసేశాక నడిచినంత మాత్రాన తప్పుపట్టలేం. అప్‌డేట్ల కోసం అలా కాచుకుని ఉండేవి బోలెడు. అలాగని యాంటీవైరస్ మౌనాన్ని క్లీన్‌చిట్ అనుకోవద్దు. కొత్తగా వచ్చిన మాల్‌వేర్ దాని కంటపడటానికి కొంత సమయం పడుతుంది. ముందు ఆ కంప్యూటర్‌కు నెట్ ఆపేయండి.

సెటప్ ఫైల్‌ను వేరే కంప్యూటర్‌లో దించి, తెరవకుండానే వైరస్‌టోటల్ సైట్‌లో పెట్టండి. 70కి పైగా స్కానర్లు ఒకేసారి చూస్తాయి. ఒకటి రెండు మాత్రమే ఎర్రజెండా ఊపితే పొరపాటు కావచ్చు, పది పన్నెండు ఊపితే ఇక ఆలోచించక్కర్లేదు. అక్కడ పెట్టిన ఫైళ్లు భద్రతా సంస్థల చేతికి వెళ్తాయి కాబట్టి సొంత పత్రాలు మాత్రం పెట్టకండి.

అసలు గుట్టు తెలిసేది ప్రోగ్రామ్ చేసే పనిలోనే. విండోస్ ప్రో ఉంటే 'విండోస్ శాండ్‌బాక్స్' ఆన్ చేసుకోండి (హోమ్ ఎడిషన్‌లో ఉండదు). మూయగానే లోపలిదంతా చెరిగిపోయే తాత్కాలిక విండోస్ ఇది. అందులో, ఏ ప్రోగ్రామ్ ఏ ఫైళ్లను తాకుతోందో వరసగా చూపే మైక్రోసాఫ్ట్ వారి ఉచిత టూల్ 'ప్రాసెస్ మానిటర్' తెరిచి, అనుమానం ఉన్న ప్రోగ్రామ్ పేరుతో ఫిల్టర్ పెట్టి నడపండి. వేల లైన్లు పరుగెడతాయి, టెన్షన్ పడొద్దు. మంచి ప్రోగ్రామ్ కూడా రిజిస్ట్రీని (విండోస్ సెట్టింగ్‌లు దాచుకునే చోటు) అలాగే తెగ తిరగేస్తుంది. మీరు చూడాల్సింది అది ఏం వెతుకుతోందని. క్రోమ్ బ్రౌజర్ పాస్‌వర్డ్‌లు దాచుకునే ఫైల్ పేరు 'లాగిన్ డేటా'. శాండ్‌బాక్స్‌లో క్రోమే ఉండదు కాబట్టి, ప్రోగ్రామ్ ఆ ఫైల్ కోసం వెతికితే ఆ పేరు పక్కన 'నేమ్ నాట్ ఫౌండ్', 'పాత్ నాట్ ఫౌండ్' లాంటి ఫలితం కనిపిస్తుంది. దొరక్కపోయినా వెతికిందిగా! పీడీఎఫ్ మార్చే ప్రోగ్రామ్‌కు మీ పాస్‌వర్డ్‌లతో ఏం పని? నా లెక్కలో ఆ ఒక్క లైన్ చాలు.

ఏమీ కనిపించకపోతే? అప్పుడే ఊపిరి పీల్చుకోకండి. తాము శాండ్‌బాక్స్ లాంటి వర్చువల్ మెషిన్‌లో (కంప్యూటర్ లోపలి ఉత్తుత్తి కంప్యూటర్) ఉన్నామని పసిగట్టి కిక్కురుమనకుండా కూర్చునే మాల్‌వేర్‌లు ఉన్నాయి. కొన్నయితే గంటల తరబడి నిద్ర నటిస్తాయి. అందుకే మీ అసలు కంప్యూటర్‌లో, వాటంతటవే మొదలయ్యే ప్రోగ్రామ్‌ల జాబితా చూపే మైక్రోసాఫ్ట్ 'ఆటోరన్స్' టూల్ కూడా నడపండి. 'షెడ్యూల్డ్ టాస్క్స్' ట్యాబ్‌లో మీకు తెలియని పేరు, యాప్‌డేటా ఫోల్డర్‌లో ఉన్న ఫైల్, పబ్లిషర్ (తయారీ సంస్థ) పేరు ఖాళీ... మూడూ కలిస్తే దాదాపు దొంగే.

దొంగని తేలితే అన్‌ఇన్‌స్టాల్‌తో సరిపెట్టకండి. వేరే పరికరం నుంచి పాస్‌వర్డ్‌లన్నీ మార్చి, తెరిచి ఉన్న లాగిన్‌లన్నీ సైన్ అవుట్ చేసి, విండోస్‌ను మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేసుకోండి.