40 రోజుల తీర్మానం 9వ రోజుకే ఆగిపోయింది

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. ఇంట్లో మిషన్ కుడతాను, మావారు ఆటో నడుపుతారు. ఉజ్జీవ సభల్లో పెద్ద తీర్మానం చేసుకున్నాను: 40 రోజులు సాయంత్రం దాకా ఉపవాసం, తెల్లవారుజామున 4 గంటలకు లేచి రెండు గంటల ప్రార్థన, ఏడాదిలో బైబిలు మొత్తం చదవడం. షుగరు మాత్రలు వాడుతున్నాను, 9వ రోజు కళ్లు తిరిగి ఆపేశాను. నిద్ర పాడవుతోందని మావారు విసుక్కుంటున్నారు. రెండేళ్ల కిందట బాబు ఫీజు కోసం మా తోడికోడలి దగ్గర 12,000 తీసుకున్నాను. ఇవ్వలేకపోయాను, మాటలు కూడా ఆగిపోయాయి. ప్రార్థనకు కూర్చుంటే అదే గుర్తొస్తోంది. దేవుడికి కోపం వచ్చిందా? దాచిన 3,000 కానుక వేసి మళ్లీ తీర్మానం చేసుకోనా?

జవాబు: సహోదరీ, కొత్త తీర్మానం వద్దు. ఆ 3,000 కూడా కానుకల పెట్టెలో వేయకండి. ప్రార్థనలో పదే పదే గుర్తొస్తున్న ఆ బాకీ దగ్గరే మొదలుపెడదాం.

బలిపీఠం దగ్గరికి వచ్చాక సహోదరుడికి తన మీద ఏదో విరోధం ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలి ముందు వెళ్లి సమాధానపడాలని ప్రభువు చెప్పాడు (మత్తయి 5:23-24). మీకు గుర్తొచ్చింది. కాబట్టి 3,000 తోడికోడలి చేతికి వెళ్లాలి. మిగిలిన 9,000 నెలకు 500 చొప్పున 18 నెలల్లో తీరిపోతుంది. వెయ్యి ఇవ్వగలను అనిపించినా 500 అనే చెప్పండి. పెళ్లిళ్ల నెలల్లో జాకెట్లు కుప్పలుగా వస్తాయి, ఆషాఢంలో మిషన్ ఖాళీగా ఉంటుంది. ఇచ్చిన మాట ఆషాఢంలో కూడా నిలబడాలి. కుట్టుకూలి చేతికొచ్చిన రోజే కొంత తీసి విడిగా డబ్బాలో వేయండి. నెలాఖరున మిగిలింది ఇద్దామనుకుంటే ఏమీ మిగలదు. ముందుగా మీవారికి చెప్పండి, లేకపోతే ఇది ఇంకో గొడవకు దారితీస్తుంది.

ఫోన్‌లో కాదు, మీరే ఇంటికి వెళ్లండి. ఆమె పెద్దదైతే మాట ఇంతే: "అక్కా, నీ డబ్బు రెండేళ్లుగా ఇవ్వలేక ముఖం చాటేశాను. తప్పు నాది. ఇవిగో 3,000. మిగతాది నెలకు 500 ఇస్తాను." అక్కడ ఆగిపోండి. "నువ్వు కూడా ఆ రోజు అలా అన్నావుగా" అనే ఒక్క మాట చేరిందంటే క్షమాపణ కాస్తా పంచాయితీ అవుతుంది. ఆమె కరగకపోవచ్చు. అయినా వచ్చే నెల 500 అందాలి. ఆమె మనసు మార్చడం దేవుడి పని, మీకు అప్పగించింది ఆ 500.

ఇక ఉపవాసం. షుగరు మాత్ర వేసుకుని పూట తప్పిస్తే రక్తంలో చక్కెర పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం దాని గుర్తులే. మీరు ఆపేసింది అవిశ్వాసంతో కాదు. డాక్టరును అడగకుండా మళ్లీ ఉండకండి, మాత్రలు మీ అంతట మీరు మానకండి. ఆలోచించకుండా నోటితో పలికిన ప్రమాణాన్ని ఒప్పుకొని క్షమాపణ పొందే దారి ధర్మశాస్త్రంలోనే ఉంది (లేవీయకాండము 5:4-6). క్రీస్తును ఎరిగిన మీరు ఆ సంగతి ఒక్కసారి ఒప్పుకొని వదిలేయండి.

ఎడారిలో ఇశ్రాయేలీయులకు దేవుడు కురిపించిన ఆహారం, మన్నా గురించి మీకు తెలుసు. మనిషికి రోజుకొక ఓమెరు, అంటే సుమారు రెండు లీటర్లు. రేపటికని దాచుకుంటే పురుగు పట్టేది, విశ్రాంతి దినానికి ముందు రోజున మాత్రమే రెండింతలు ఏరుకోవాలి (నిర్గమకాండము 16). అలా 40 ఏళ్లు గడిచాయి. రేపు కూడా దొరుకుతుందని నమ్మినవాళ్లే ఇవాళ్టికి సరిపడా ఏరుకుని ఊరుకోగలిగారు. మీ ప్రార్థనకూ ఈ కొలత పెట్టుకోండి. పిల్లలు బడికి వెళ్లాక, మిషన్ మీద గుడ్డ తీసే ముందు 10 నిమిషాలు: ఐదు నిమిషాలు చదవండి, మూడు నిమిషాలు ప్రార్థించండి, రెండు నిమిషాలు ఊరికే కూర్చోండి. 4 గంటలకు లేవకండి, మీకు నిద్ర కావాలి. ఏలీయా ప్రవక్త చావు కోరుకున్నప్పుడు దేవుడు అతన్ని ముందు నిద్రపోనిచ్చాడు, రెండుసార్లు భోజనం పెట్టించాడు (1 రాజులు 19).

బైబిలులో 1,189 అధ్యాయాలున్నాయి. ఏడాదిలో పూర్తి చేయాలంటే రోజుకు మూడుకు పైనే చదవాలి. ఆదికాండం నుంచి మొదలుపెడితే సుమారు నెలకు లేవీయకాండం వస్తుంది, చాలామంది ఆగిపోయేది అక్కడే. మీరు మార్కు సువార్తతో మొదలుపెట్టండి: 16 అధ్యాయాలు, రోజుకు సగం, 32 రోజులు. ఒక రోజు తప్పితే మర్నాడు రెండింతలు చదవకండి, ఆ రోజు భాగం మాత్రమే చదవండి. తప్పిన రోజుల బాకీ మోయలేకే మనుషులు మానేస్తారు. నోటుపుస్తకంలో రోజుకొక వాక్యం రాయండి: ఈ భాగం చదివాక ఇవాళ నేను చేయాల్సింది ఏమిటి? "ప్రేమగా ఉండాలి" అని రాస్తే సాయంత్రానికి అది చేశారో లేదో తేలదు. "మావారు ఆటో దిగి వచ్చేసరికి విసుక్కోకుండా అన్నం వడ్డిస్తాను" అని రాయండి.

కుష్ఠు పట్టిన సిరియా సేనాధిపతి నయమాను, ఎలీషా ప్రవక్త బయటికొచ్చి చేయి ఆడించి బాగుచేస్తాడనుకుని వచ్చి, యొర్దాను నదిలో ఏడు మునకలు వేయమంటే కోపంతో వెనుదిరిగాడు (2 రాజులు 5). గొప్ప పని చెప్పి ఉంటే చేసేవాడివి కదా అని అతని సేవకులే అడిగారు. మీకు కూడా మొదటి వారం ఈ 10 నిమిషాలు చాలా తక్కువ అనిపిస్తుంది. పెంచకండి. 32 రోజులు అయ్యాక, తోడికోడలికి మొదటి 500 అందాక, కావాలంటే ఇంకో ఐదు నిమిషాలు కలుపుకోండి.

ఈ శనివారం సాయంత్రం మిషన్ పని ముగించి మీవారితో మాట్లాడండి. ఆదివారం గుడికి వెళ్లేలోపే ఆ 3,000 ఇచ్చి రండి.