ఫ్రోడో అంత మంచివాడు కదా, చివర్లో ఉంగరాన్ని ఎందుకు వదల్లేకపోయాడు?

ఇలా ఒకరు నన్ను అడిగారు, ‘ఉంగరం అతని మనసును కంట్రోల్ చేసిందా?’ అని కూడా. టోల్కీన్ రాసిన ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ నవలలో దుష్టశక్తి ఉన్న ఒక ఉంగరాన్ని అగ్నిపర్వతంలో పారేసి నాశనం చేయాల్సినవాడు ఫ్రోడో. తీరా అక్కడికి చేరాక వదల్లేకపోతాడు. మొదటిసారి చదివినప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. రెండోసారి చదువుతుంటే కథ మొదట్లోని ఒక చిన్న సంఘటన దగ్గర ఆగిపోయాను. మాంత్రికుడు గాండాల్ఫ్ ఎదుటే ఫ్రోడో ఉంగరాన్ని తన ఇంటి నిప్పుల్లోకి విసరబోతాడు. చెయ్యి కదిలిస్తాడు కూడా. తీరా చూస్తే దాన్ని మళ్లీ జేబులోనే పెట్టుకున్నాడు! ఎవరూ ఆజ్ఞాపించలేదు, బెదిరించలేదు. చెయ్యి అతనిదే, జేబూ అతనిదే.

ఉంగరం ఎవరికీ కొత్త కోరిక పుట్టించదు, ఉన్నదాన్నే ఎగదోస్తుంది. ఫ్రోడోతో కలిసి బయల్దేరిన యోధుడు బోరొమిర్‌కి తన రాజ్యాన్ని కాపాడుకోవాలని ఉంటుంది. ఫ్రోడో వెంట వచ్చిన తోటమాలి సామ్‌కి శత్రువు రాజ్యంలోని బీడునేలంతా తన ఆజ్ఞతో పూలతోట అయిపోయినట్టు కనిపిస్తుంది. ఎంత ముచ్చటైన కల! గాండాల్ఫ్ అయితే ముట్టుకోనే ముట్టుకోడు, తనలోని జాలే దానికి దారి ఇస్తుందని భయం.

అన్నట్టు, టోల్కీన్‌కి కూడా ఇదంతా ముందే తోచలేదు. 1937లో వచ్చిన ఆయన ముందు నవల ‘ది హాబిట్’ మొదటి ముద్రణలో, అప్పటిదాకా ఉంగరాన్ని దాచుకున్న గొల్లమ్ అనే జీవి పొడుపుకథల పందెం ఓడిపోయి దాన్ని బహుమతిగా ఇచ్చేయడానికి సిద్ధపడతాడు. తర్వాతి నవలలో ఉంగరం స్వభావం మారాక అది అతకలేదు. 1951 ముద్రణలో ఆ అధ్యాయం మార్చేశారు.

నాకు ఇది బాగా అర్థమైంది మాత్రం స్నేహితులతో రోల్‌ప్లే గేమ్ (ఒకరు కథ నడిపిస్తుంటే మిగతావాళ్లు తలా ఒక పాత్ర ఆడే ఆట) నడిపినప్పుడు. మొదట ‘చంపు, చంపు’ అని గొణిగే కత్తి పెట్టాను. ఒక్కరూ దాని జోలికి పోలేదు. తర్వాతి ఆటలో ఒక లాంతరు పెట్టాను. వెలిగిస్తే సరైన దారి చూపిస్తుంది, వెలిగించిన ప్రతిసారీ ఒక జ్ఞాపకాన్ని తీసేసుకుంటుంది. దాన్ని తీసుకున్నది మాలో అందరికంటే మెత్తని మనిషి, ఆటలో వైద్యుడు. ఎప్పుడు వెలిగించినా మమ్మల్ని కాపాడటానికే. గుడిలో వదిలేసే అవకాశం రెండుసార్లు ఇచ్చాను. ‘ఈ వంతెన ఒక్కటీ దాటనివ్వు’ అన్నాడు మొదటిసారి. రెండోసారి ఏమీ అనలేదు. పెన్సిల్ తీసుకుని, తన పాత్ర కాగితం మీద ‘చెల్లెలు’ అని ఉన్న గడి కొట్టేసి, ‘వెలిగించాను, ఎటు వెళ్లాలి?’ అన్నాడు.